రామగుండము సీమ: ఊరి పేరు, ఊరి పాలనము

కులచరిత్రములు వ్రాయువారు పూర్వుల గోత్రములను, వృత్తులను విపులముగఁ జెప్పుదురు గాని, ఆ పూర్వులు నివసించిన యూరి యెల్లలను, ఆ యూరి నేలినవారిని పేర్కొనుట యరుదు. ఊరు లేనిదే కులమునకు నిలుకడ లేదు. కావున మేమీ సంచికయందు రామగుండము సీమను గూర్చి కొంత విన్నవింపఁదలఁచితిమి.

ఈ సీమ గోదావరి దక్షిణతీరమున నున్నది. నది దాటిన మంచిర్యాల; తూర్పువైపున రామగిరి దుర్గము, మంథని. ప్రాణహిత-గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన బొగ్గుపొరలు ఇచ్చటి భూగర్భమునను గలవు. ఆ బొగ్గు వెలికి రాకమున్ను ఇచట నడవియు, మెట్టచేలును, చెఱువుల క్రింది కొలఁది మాగాణియు, దూరదూరముగ చిన్న పల్లెలును ఉండెడివి.

నిజాము రాజ్యమున 1865లో సాలార్ జంగు జిల్లాబందీ నేర్పఱచెను. ఈ ప్రాంతము ఎలగందుల జిల్లాలోనిది. 1905లో ఆ జిల్లాయే కరీంనగరు జిల్లా యయ్యెను. పల్లెలో శిస్తు వసూలు మాలీపటేలుది, శాంతిరక్షణము పోలీసుపటేలుది, లెక్కలు పట్వారీవి. పదవులు వంశపారంపర్యములు. ఆ పాలనము రైతు గడపకు దగ్గఱదే గాని రైతు చేతిలోనిది కాదు. 1959లో పంచాయతీరాజ్యము వచ్చెను. 1964లో గ్రామపంచాయతీల చట్ట మయ్యెను. అయినను పటేలు పట్వారీ పదవులు 1984 వఱకు తొలఁగలేదు.

ఇంతలో బొగ్గుగనులు వచ్చెను. 1889లో ఇల్లెందు ప్రాంతమున మొదలైన త్రవ్వకము, 1920లో సింగరేణి కంపెనీ యేర్పడిన పిదప నానాఁటికి విస్తరించి, 1960 ప్రాంతమున ఈ తీరమునకుఁ జేరెను. గోదావరియు ఖనియుఁ గలసి గోదావరిఖని యయ్యెను. కంపెనీ క్వార్టర్లు కట్టెను, నీరిచ్చెను, దీపములు వెలిగించెను, ఆసుపత్రి నెలకొల్పెను. ఈ మేలు మఱువరానిది. కాని క్వార్టరు కొలువుతో వచ్చి కొలువుతోఁ బోవును. అచట నివసించువాఁడు నీటికై కార్మికుఁడుగా నడుగఁగలఁడు గాని పౌరుఁడుగా నడుగుట కష్టము. 2009లో రామగుండము నగరపాలక సంస్థ యయ్యెను. 2011 లెక్కలలో జనసంఖ్య 2,29,644. పలుచని పల్లెలసీమ మహానగర మయ్యెను.

ఊళ్ల పేర్లకుఁ బట్టిన గతి చూడుఁడు. మేడిపల్లి యనిన నేఁడు చాలమందికి ఓపెన్‌కాస్టు గని. అడ్రియాల యనిన లాంగ్‌వాల్ గని. ఎల్లంపల్లి యనిన గోదావరిపై జలాశయము. పేరు నిలిచెను, ఊరు మఱుగుపడెను.

2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లా యేర్పడినపుడు అంతర్గాము, పాలకుర్తి, రామగిరి వేఱువేఱు మండలము లయ్యెను. మిగిలిన పల్లెలకు పంచాయతీలు గలవు. 2018 నాఁటి చట్టము ప్రకారము గ్రామసభ రెండునెలల కొకమాఱు జరుగవలెను. పూర్వులకు లేని యధికారము మనకుఁ గలిగినది. దాని నుపయోగింపకున్న లోపము మనదే.

కావున మహాసభకు విచ్చేసిన సోదరీసోదరులకు మా మనవి యొక్కటి. మీ యూరి చెఱువుల పేర్లు, శిఖము హద్దులు, బాటలు, శ్మశానములు, పాత పహాణీలలోని సర్వే నంబరులు పెద్దల నడిగి వ్రాసి యుంచుఁడు. ఆ కాగితముతో గ్రామసభకుఁ బొండు. భూమి పోవునపుడు పరిహారమునకైనను, నిలుచునపుడు పాలనమునకైనను, అదియే మన పిల్లలకు సాక్ష్యము.