బాడుగ కార్లు, ఉమ్మడి ప్రయాణాలు: వాహనం నడిపే వారి బాధ్యతలు

అనంతపురం: కారును బాడుగకు తీసుకొని స్వయంగా నడిపే వారు, ఒకే కారులో మరికొందరిని ఎక్కించుకొని ప్రయాణించే వారు సదరు వాహనానికి తాము యజమానులు కానందున తమకు బాధ్యత లేదని భావించుటకు వీలులేదు. కారు ఎవరి పేరున నమోదై ఉన్నప్పటికీ, నడుపుతున్నంతసేపు చట్టం ముందు జవాబుదారీ నడిపే వ్యక్తే.

సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే గల ఈ పీఠభూమి నుండి కూలి పనులకు, వైద్యానికి, చదువులకు బెంగళూరు వెళ్లి వచ్చే కుటుంబాలు అనేకం. పూర్వం 7వ నంబరుగా ఉన్న ప్రస్తుత 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి, పామిడి, అనంతపురం, పెనుకొండ, కొడికొండల మీదుగా కర్ణాటకలోకి ప్రవేశిస్తుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినందున ఈ మార్గంలో దక్షిణ భాగం ఆ జిల్లా పరిధిలోకి వచ్చింది. బాడుగ కారు ఒకే రోజున రెండు జిల్లాలు, రెండు రాష్ట్రాలు దాటినప్పటికీ అన్నిచోట్లా వర్తించేది 1988 నాటి మోటారు వాహనాల చట్టమే.

నంబరు పలకను బట్టి గుర్తింపు

స్వయంగా నడుపుకొనేందుకు బాడుగకిచ్చే కార్లకు నల్లని పలకపై పసుపు రంగు అక్షరాలు ఉండాలి. డ్రైవరుతో సహా బాడుగకు తిరిగే టాక్సీలకు పసుపు పలకపై నల్లని అక్షరాలు, సొంత కార్లకు తెల్లని పలకపై నల్లని అక్షరాలు ఉంటాయి. విద్యుత్ వాహనాలకు ఆకుపచ్చ పలకలు కేటాయించారు. చట్టంలోని 75వ సెక్షను కింద 1989లో రెంట్-ఎ-క్యాబ్ పథకం రూపొందింది. లైసెన్సు పొందిన సంస్థకు తన రాకపోకల సమాచారాన్ని ఎప్పటికప్పుడు తెలియజేయడం బాడుగకు తీసుకున్న వ్యక్తి విధి అని ఈ పథకం పేర్కొన్నది.

బయలుదేరే ముందు

నడిపే వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు విధిగా ఉండాలి. లేనిచో రూ. 5,000 జరిమానా లేదా జైలుశిక్ష, లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సు లేని వ్యక్తికి వాహనం అప్పగించిన వారు కూడా శిక్షార్హులే. తేలికపాటి వాహన లైసెన్సు గలవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. రిజిస్ట్రేషను, బీమా, పర్మిట్ పత్రాలను బయలుదేరే ముందే పరిశీలించుకోవాలి. డిజిలాకర్, ఎంపరివాహన్‌లలోని పత్రాలు కూడా చెల్లుబాటవుతాయి.

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉన్నచో మొదటి నేరానికి రూ. 10,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలుశిక్ష, లేదా రెండూ పడవచ్చు. సీటు బెల్టు ధరించనిచో రూ. 1,000 జరిమానా గలదు.

సొంత కారును బాడుగకు తిప్పినచో

తెల్ల పలక గల కారులో సీటుకు ఇంత చొప్పున కిరాయి వసూలు చేయడం పర్మిట్ లేకుండా రవాణా వాహనం నడపడంతో సమానం. 192-ఎ సెక్షను ప్రకారం మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష, రూ. 10,000 జరిమానా విధించవచ్చు. అయితే అత్యవసర పరిస్థితిలో రోగులను, క్షతగాత్రులను తరలించిన సందర్భంలో, ఏడు రోజుల్లోగా ప్రాంతీయ రవాణా అధికార సంస్థకు నివేదించినచో ఈ సెక్షను వర్తించదు. అంబులెన్సు అందుబాటులో లేని పల్లెల్లో సహాయానికి ముందుకు వచ్చే వారు ఈ నిబంధనను గుర్తుంచుకోవాలి.

జరిమానా కన్నా పెద్ద నష్టం బీమా విషయంలో ఉన్నది. పర్మిట్ లేకుండా నడపడం బీమా షరతుల మౌలిక ఉల్లంఘన అని సుప్రీంకోర్టు 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులో పేర్కొన్నది. బాధితులకు బీమా సంస్థ పరిహారం చెల్లించి, ఆ సొమ్మును వాహన యజమాని నుండి రాబట్టుకోవచ్చునన్న ఆదేశాన్ని సమర్థించింది. కేవలం థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే గల సొంత కారులోని ప్రయాణికులకు ఆ పాలసీ రక్షణ వర్తించదు. అటువంటి కారు ప్రమాదానికి గురైనచో కుటుంబ పోషకుని కోల్పోయిన ఇంటివారు పరిహారం కొరకు యజమాని, డ్రైవరుల ఆస్తిపైనే ఆధారపడవలసి వస్తుంది.

ప్రమాదం జరిగినప్పుడు

134వ సెక్షను ప్రకారం డ్రైవరు గాయపడిన వారికి వైద్యసహాయం అందే ఏర్పాటు చేయాలి. పోలీసు అధికారి కోరిన సమాచారం ఇవ్వాలి. అధికారి లేనిచో వీలైనంత త్వరగా, 24 గంటల్లోగా సమీప పోలీసుస్టేషనుకు తెలియజేయాలి. బీమా సంస్థకు లిఖితపూర్వకంగా సమాచారం ఇవ్వాలి. నేరం జరిగిన సమయంలో వాహనం ఎవరు నడిపారో అధికారులు అడిగినచో తెలియజేయవలసిన బాధ్యత 133వ సెక్షను కింద యజమానికి ఉన్నది. కావున కారు అప్పగించిన, తిరిగి తీసుకున్న వేళలను, నడిపే వారి లైసెన్సు నంబరును ఉభయులూ కాగితంపై రాసుకోవడం ఇద్దరికీ రక్షణ.