పాత వైన్ నిజంగా అంత గొప్పదా? ఇంట్లో వైన్ దాచుకున్న 2000 ఏళ్ల కథ

ముందే ఒక మాట చెప్పేస్తాను. మద్యపానం ఆరోగ్యానికి హానికరం. ఈ ఎపిసోడ్ ఎవర్నీ తాగమని చెప్పడానికి కాదు, ఒక చరిత్ర చెప్పుకోవడానికి. ఓకేనా? ఇక విషయంలోకి వెళ్దాం.

మనకి కల్లు సంగతి తెలుసు కదా. పొద్దున్నే చెట్టు నుంచి దించినప్పుడు తియ్యగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ పులుస్తుంది. మర్నాటికి నోట్లో పెట్టుకోలేం. వైన్ కూడా పులిసిన రసమే, కాకపోతే ద్రాక్షరసం. మరి కల్లుకి లేని పేరు వైన్‌కి ఎలా వచ్చింది? ఎంత పాతదైతే అంత గొప్పది అని ఎందుకంటారు? సినిమాల్లో కోటీశ్వరుడి ఇంట్లో నేలమాళిగ, అందులో బూజు పట్టిన సీసాలు చూపిస్తారు చూడండి, ఆ అలవాటు అసలు ఎప్పుడు మొదలైంది?

విచిత్రం ఏంటంటే ఇది రెండుసార్లు మొదలైంది. మధ్యలో వెయ్యేళ్లకు పైగా యూరప్ ఈ విద్యని దాదాపు మర్చిపోయింది. మర్చిపోవడానికి కారణం యుద్ధాలో, రాజులో కాదు. పాత్ర మారింది, అంతే.

మొదటిసారి రోమ్‌లో. రోమన్లు వైన్‌ని ఆంఫోరా అనే మట్టి జాడీల్లో పోసేవాళ్లు. రెండు చెవులు, పొడవాటి మెడ, అడుగున కోసుగా ఉంటుంది. మట్టి పాత్ర కాబట్టి ఊరకుండా లోపల చెట్ల జిగురు కాచి తీసిన తారులాంటిది పూసేవాళ్లు. మూతి బిగించి, పైన మళ్లీ ముద్ర వేసేవాళ్లు. మన ఇళ్లల్లో ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కట్టి ఎందుకు దాస్తారు? గాలీ తడీ తగలకూడదని. ఇక్కడా అదే సూత్రం. వైన్‌కి పెద్ద శత్రువు గాలి. గాలి బాగా తగిలితే అందులో బాక్టీరియా పెరిగి వెనిగర్ చేసేస్తుంది.

జాడీ మీద ఆ ఏడాది రోమ్‌లో కాన్సుల్‌గా ఉన్నవాళ్ల పేర్లు రాసేవాళ్లు. ఏడాదిని కాన్సుల్ పేరుతోనే లెక్కపెట్టేవాళ్లు కాబట్టి అదే దాని తయారీ తేదీ. హోరేస్ అనే కవి పుట్టింది క్రీ.పూ. 65లో. తను పుట్టిన ఏడాదే పుట్టిన ఒక వైన్ జాడీని ఉద్దేశించి ఆయన ఏకంగా పద్యమే రాశాడు! అంటే ఇంట్లో దశాబ్దాల పాటు వైన్ దాచడం అప్పటికే అలవాటు.

ఎక్కడ దాచేవాళ్లో తెలుసా? నేలమాళిగలో కాదు, మేడ మీద. అపోథెకా అనే గది ఉండేది, కింద నుంచి పొగ, వేడి తగిలేలా కట్టుకునేవాళ్లు. పొగ తగిలితే వైన్ త్వరగా ముదురుతుందని వాళ్ల నమ్మకం. ఇవాళ్టి వైన్ నిపుణులు వింటే గుండెలు బాదుకుంటారు.

అన్నిటికంటే పేరున్న ఏడాది క్రీ.పూ. 121. ఓపిమియస్ అనే ఆయన కాన్సుల్‌గా ఉన్న సంవత్సరం. ఎండలు బాగా కాశాయి, పంట అద్భుతంగా వచ్చింది. దాదాపు 200 ఏళ్ల తర్వాత ప్లినీ అనే రచయిత ఆ వైన్ ఇంకా అక్కడక్కడా ఉందని రాశాడు. కానీ ఎలా ఉందట? తేనెలా గడ్డకట్టి, చేదెక్కి, తాగడానికి పనికిరాకుండా ఉందట. వేరే వైన్‌లో రుచి కోసం కాస్త కలుపుకోవడానికే వాడేవాళ్లు. దాని పేరుకి విలువ, రుచికి కాదు.

పేరుకి విలువ వచ్చిన చోట మోసం రాకుండా ఉంటుందా? పెట్రోనియస్ రాసిన సటిరికాన్ అనే నవలలో ట్రిమాల్కియో అనే కొత్త డబ్బున్నోడు విందు ఇస్తాడు. సీసాల మెడలకి చీటీలు వేలాడుతుంటాయి: ఓపిమియస్ ఏడాది వైన్, 100 ఏళ్ల నాటిది అని. నవల రాసిన కాలానికి లెక్కేస్తే అది 170 ఏళ్లు దాటి ఉండాలి! రచయిత కావాలనే వేసిన జోక్ అని నాకనిపిస్తుంది. నకిలీ పాత వైన్ అనేది 2000 ఏళ్ల నాటి సబ్జెక్ట్ అన్నమాట. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తర్వాత ఏమైందంటే, జాడీ పోయి పీపా వచ్చింది. చెక్క పీపా. గాల్ ప్రాంతం వాళ్లు, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు వాళ్లు, వీటిని ముందు నుంచే వాడేవాళ్లు. దొర్లించుకుంటూ తీసుకెళ్లొచ్చు, పగలదు, జాడీ కంటే చాలా ఎక్కువ పడుతుంది. రవాణాకి సూపర్. కానీ దాచడానికి? చెక్క సందుల్లోంచి వైన్ కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది, ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. అడుగున కుళాయి తిప్పి ఒక లోటా పట్టుకున్నారనుకోండి, అంత గాలి లోపలికి పోతుంది. ఎండ దేశాల తియ్యని, ఘాటైన వైన్లు కొంచెం నిలిచేవి కానీ, మామూలు వైన్ ఏడాది తిరిగేసరికి పులుపే.

అందుకే మధ్యయుగాల్లో లెక్క తలకిందులైంది. బోర్డో నుంచి లండన్‌కి కొత్త పంట ఓడలు దిగాయంటే పాత వైన్ ధర ఢమాల్. పాతది అంటే గొప్ప కాదు, చవక. ఇది నమ్మడానికి మనకి కష్టంగా ఉంటుంది కానీ, వందల ఏళ్ల పాటు ఇదే నిజం.

ఆ కాలం చివర్లో ఇంట్లో వైన్ ఎలా ఉండేదో చెప్పడానికి మనకో మంచి సాక్షి ఉన్నాడు. సామ్యూల్ పెపీస్. లండన్‌లో నౌకాదళ శాఖలో ఉద్యోగి, రోజూ డైరీ రాసేవాడు. 1665 జులైలో, ఊళ్లో ప్లేగు ప్రబలుతున్న రోజుల్లో, తన సెల్లార్‌లో ఏమేం ఉన్నాయో మురిసిపోతూ లిస్ట్ రాసుకున్నాడు. క్లారెట్, కానరీ, మలగా ఇలా రకరకాలు. తన బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరి దగ్గరా ఒకేసారి ఇంత ఉండి ఉండదని గొప్పగా రాసుకున్నాడు. కానీ గమనించండి, ఆ లిస్ట్‌లో ఉన్నవన్నీ పీపాలే. ఆయన దగ్గర తన ఇంటి చిహ్నం వేయించుకున్న సీసాలూ ఉన్నాయి. కాకపోతే అప్పట్లో సీసా ఎక్కువగా వడ్డించడానికి, దాచడానికి కాదు. మరుసటి ఏడాది లండన్ తగలబడినప్పుడు ఈయన ఏం చేశాడంటే, తోటలో గొయ్యి తవ్వి వైన్‌నీ, దాంతోపాటు పర్మేసాన్ చీజ్‌నీ పాతిపెట్టాడు. ఊరు కాలిపోతుంటే చీజ్! నాకు మాత్రం ఆ మనిషి తెగ నచ్చేశాడు.

ఇప్పుడు రెండో ఆరంభం. ఇది ఒక రాజాజ్ఞతో మొదలవుతుంది. 1615లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్, గాజు కొలిమిల్లో కట్టెలు వాడొద్దని ఆంక్ష పెట్టాడు. ఓడలు కట్టడానికి కలప కావాలి కదా. గాజు పనివాళ్లు బొగ్గుకి మారారు. బొగ్గు మంట ఇంకా వేడి. దాంతో గాజు మందంగా, గట్టిగా, నల్లగా వచ్చింది. 1630ల్లో సర్ కెనెల్మ్ డిగ్బీ అనే ఆయన ఈ పద్ధతిని మెరుగుపరిచి గట్టి సీసాలు చేయించాడు. ఈయన తండ్రిని పార్లమెంట్ పేల్చివేత కుట్రలో ఉన్నాడని 1606లో చంపేశారు. కొడుకేమో వైన్ సీసాకి తండ్రి అనిపించుకున్నాడు. రాజు ఆలోచించింది ఓడల కోసం, లాభపడింది వైన్. నల్ల గాజు వల్ల వెలుతురు కూడా లోపలికి పోదు, వెలుతురు వైన్‌ని పాడుచేస్తుంది.

సీసా మూతికి కార్క్ తోడైంది. కార్క్ ఒక చెట్టు బెరడు, పోర్చుగల్, స్పెయిన్‌లలో ఎక్కువ. బిగిస్తే గాలి దాదాపు ఆగిపోతుంది. అయితే ఒక చిక్కు. ఎండితే కుంచించుకుపోతుంది. అది తడిగా ఉండాలంటే సీసాని పడుకోబెట్టాలి. మొదట్లో సీసాలు ఉల్లిపాయలా బొద్దుగా ఉండేవి, పడుకోబెడితే నిలవవు. 18వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి సీసా నిటారుగా, స్తంభంలా మారింది. ఒకదాని మీద ఒకటి వందల సీసాలు పేర్చొచ్చు. ఇవాళ మనం చూసే ఆకారం అందం కోసం రాలేదు, పడుకోవడం కోసం వచ్చింది.

సరిగ్గా ఆ టైమ్‌కి ఇంగ్లండ్‌లో పోర్ట్ వైన్ జోరు. 1703లో కుదిరిన మెథ్యూన్ ఒప్పందంతో ఫ్రెంచ్ వైన్ కంటే పోర్చుగల్ వైన్ మీద సుంకం తగ్గింది. పోర్ట్‌లో బ్రాందీ కలుపుతారు. ఘాటు ఎక్కువ, ఒగరు ఎక్కువ, కొత్తలో గొంతు దిగదు. సీసాలో పెట్టి 20 ఏళ్లు మర్చిపోతే మెత్తబడుతుంది. దాంతో అక్కడి డబ్బున్న ఇళ్లల్లో ఒక ముచ్చట మొదలైంది. బిడ్డ పుట్టగానే ఒక పైప్ పోర్ట్ కొని సెల్లార్‌లో వేయడం. పైప్ అంటే పెద్ద పీపా, దాదాపు 550 లీటర్లు. సీసాల్లో నింపితే 700 పైనే. బిడ్డకి 21 ఏళ్లు వచ్చాక తెరుస్తారు. మన దగ్గర ఆడపిల్ల పుడితే బంగారం కూడబెట్టినట్టు, వీళ్లు వైన్ కూడబెట్టారు.

లోపల జరిగేది ఏంటంటే, ఒగరునిచ్చే టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు మెల్లగా ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుగున మడ్డిలా దిగుతాయి. ఒగరు తగ్గుతుంది, ఎరుపు ఇటుక రంగులోకి తిరుగుతుంది, పండు వాసన పోయి ఎండుటాకులు, తోలు లాంటి వాసనలొస్తాయి. ఇది జరగాలంటే వైన్‌లో మొదటే ఆ సరుకు ఉండాలి. షాపుల్లో దొరికే వైన్లలో ఎక్కువ భాగం ఒకట్రెండేళ్లలో తాగడానికి చేసినవే. వాటిని దాస్తే ముదరవు, చచ్చిపోతాయి. విస్కీ అయితే సీసాలో అసలు ముదరదు, దాని వయసు పీపాలోనే ఆగిపోతుంది. ఇక చోటు సంగతి. చీకటి, కదలిక లేకపోవడం, ఏడాది పొడుగునా 12, 13 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే చల్లదనం. యూరప్‌లో నేలమాళిగ తవ్వితే ఇది దాదాపు ఫ్రీగా వస్తుంది. మన ఊళ్లల్లో మే నెలలో బీరువా మీద పెట్టిన సీసాకి ఆ అదృష్టం లేదు. ఎవరో గిఫ్ట్ ఇచ్చారని పదేళ్లుగా షోకేస్‌లో నిలబెట్టిన సీసా ఉంటే, అది ఇప్పుడు షోపీసే.

అమెరికాలో థామస్ జెఫర్సన్‌కి ఈ పిచ్చి బాగా ఉండేది. ఫ్రాన్స్‌లో రాయబారిగా ఉంటూ 1787లో బోర్డో తోటలు స్వయంగా తిరిగొచ్చాడు. మాంటిచెల్లోలో ఆయన ఇంటి భోజనాల గదిలో, పొయ్యి పక్కనే, కింద సెల్లార్ నుంచి సీసాలు పైకొచ్చే చిన్న లిఫ్ట్ కట్టించుకున్నాడు. పైన కూర్చున్న అతిథులకి సీసా కనపడుతుంది, ఆ ఇంటిని నడిపిన బానిసలు కనపడరు.

ఆ జెఫర్సన్ పేరుతోనే 1985 డిసెంబర్‌లో లండన్ క్రిస్టీస్‌లో ఒక సీసా వేలానికొచ్చింది. 1787, లాఫిట్, ఆయన పేరు పొడి అక్షరాలు గాజు మీద చెక్కి ఉన్నాయి. పారిస్‌లో గోడ కట్టేసిన ఒక పాత సెల్లార్‌లో దొరికిందని హార్డీ రోడెన్‌స్టాక్ అనే జర్మన్ సేకర్త చెప్పాడు. ఫోర్బ్స్ కుటుంబం 1,05,000 పౌండ్లకి కొని న్యూయార్క్‌లో తమ గ్యాలరీలో పెట్టింది. ఎలా పెట్టారనుకున్నారు? నిలబెట్టి, పైన లైటు వేసి! ఆ వేడికి కార్క్ ఎండి, కుంచించుకుపోయి, సీసాలో పడిపోయింది. రెండు శతాబ్దాలుగా అందరికీ తెలిసిన సంగతి ఆ ఒక్క గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

బిల్ కోక్ అనే మరో అమెరికన్ సంపన్నుడు 1988లో అలాంటివే నాలుగు కొన్నాడు. 2005లో ఒక మ్యూజియం ప్రదర్శన కోసం వీటి పూర్వాపరాలు అడిగేసరికి ఆధారాలు వెతికించాడు. అవి జెఫర్సన్‌వేనని చెప్పే కాగితం మాంటిచెల్లోలో దొరకలేదు. ఫ్రాన్స్‌లో ఒక శాస్త్రవేత్త సీసా తెరవకుండానే సీజియం 137 కోసం పరీక్షించాడు. అణుబాంబుల కాలం తర్వాత పండిన ద్రాక్షలో అది ఉంటుంది. ఇందులో లేదు. అంటే వైన్ 1945కి ముందుదే అయ్యుండొచ్చు, కానీ 1787దని అర్థం కాదు. చివరికి గాజు మీద అక్షరాలు చూపించింది కథ. అవి కరెంటు పరికరంతో చెక్కినవని కోక్ నియమించిన నిపుణులు తేల్చారు. 2006లో ఆయన కేసు వేశాడు. రోడెన్‌స్టాక్ ఆ ఆరోపణల్ని ఒప్పుకోలేదు, 2018లో చనిపోయాడు. సీసాల్లో ఉన్నది నిజంగా ఏ ఏడాది వైనో ఇప్పటికీ తేలలేదు.