మిస్సింగ్ కొడుతున్న బండీ, నూరేళ్ళనాటి ఉపాయమూ

కిందటి వానాకాలం ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే అమీర్‌పేట మైత్రివనం దగ్గర ఎప్పట్లాగే నీళ్ళు నిలిచాయి. చక్రాలు సగం మునిగే నీళ్ళలోంచి ఎలాగో బండిని బయటపడేశాను. మర్నాడు పొద్దున్న స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒకటే వణుకు. మన మెకానిక్కుల భాషలో 'మిస్సింగ్ కొడుతోంది' అన్నమాట. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేసరికి డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ మిణుకుమిణుకుమనడం మొదలెట్టింది.

దారిలో కనిపించిన ఓ పెద్ద వర్క్‌షాపులోకి పోనిచ్చాను. పేరు అనవసరం. గంట కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ప్లగ్గులు నాలుగు, కాయిల్స్ నాలుగు, ఇంజెక్టర్లు నాలుగు, లేబరు అదనం. అప్పటికీ తగ్గకపోతే 'హెడ్ దింపాలి సార్'. మొత్తం 46 వేలు! నాది సెకండ్‌హ్యాండులో కొన్న 2014 మోడల్ బండి. దాని లోనే ఇంకా తీరలేదు.

"ఏం చూసి చెప్పారు?" అనడిగితే "స్కానర్ పెట్టాం సార్, పి0302 వచ్చింది" అన్నాడు సర్వీస్ అడ్వైజరు, ఇంక మాట్లాడేదేముంది అన్నట్టు. మనలో ఎవరైనా లాగ్‌లో ఒక ఎర్రర్ లైను చూసి సర్వర్లన్నీ మార్చేద్దామంటే మేనేజరు ఊరుకుంటాడా? ఆలోచించుకుని వస్తానని చెప్పి బండి అక్కడే పార్కింగులో వదిలేసి ఇంటికొచ్చి చదవడం మొదలెట్టా. రాత్రి రెండయింది. ఆ రాత్రి చదివిన చరిత్రే ఇది.

పెట్రోల్ ఇంజన్ సిలిండర్లో మంట పుట్టడానికి కావలసినవి నాలుగే. తగిన పెట్రోలు, తగిన గాలి, సరైన వేళకి నిప్పురవ్వ, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కే ఒత్తిడి. వీటిలో ఏది లోపించినా ఆ సిలిండరు తన వంతు ఎగ్గొడుతుంది. కారు పుట్టిన కొత్తలోనూ ఇంతే, ఇవాళా ఇంతే.

1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన చేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. దాదాపు వంద కిలోమీటర్లు. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసిందనీ, ఇగ్నిషన్ తీగ ఒరుసుకుపోతే మేజోళ్ళ పట్టీ చుట్టి సరిచేసిందనీ చెబుతారు. ఇంధనం ఒకటి, నిప్పు ఒకటి. మెకానిక్ షెడ్డన్నదే లేని రోజుల్లో ఆవిడ జబ్బు ఎక్కడుందో వెతికి అక్కడే మందు వేసింది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఫోర్డ్ మోడల్ టీ కథ. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన కారది. దాన్లో నాలుగు సిలిండర్లకి నాలుగు కాయిల్స్, ఒక్కొక్కటీ ఒక్కో చెక్కపెట్టెలో. ప్రతి పెట్టె మీదా జుమ్మని కంపించే చిన్న రేకు ఉండేది. ఇంజన్ మిస్సింగ్ కొడితే డ్రైవరు ఆ రేకుల్ని ఒక్కొక్కటిగా వేలితో నొక్కిపట్టేవాడు. నొక్కగానే ఇంజన్ ఇంకా నీరసించిందంటే ఆ సిలిండరు అప్పటిదాకా పనిచేస్తోందన్నట్టు. ఏ తేడా రాకపోతే దొంగ అదే. అప్పుడు ఆ పెట్టెని తీసి పక్క సిలిండరు పెట్టెతో మార్చి చూసేవాడు. పెట్టెతోబాటు జబ్బు కూడా పక్కకి పోతే కాయిల్ చెడినట్టు. పోకపోతే తప్పు ఇంకెక్కడో ఉన్నట్టు. పైసా ఖర్చు లేని పరీక్ష!

ఇదే ఆలోచన మన ఊళ్ళోనూ ఉంది, కాకపోతే నవాబీ దర్జాతో. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చింది. అది వచ్చేలోపే, 1911లో, ఆయన పోయాడు. సిల్వర్ ఘోస్ట్ ఇంజన్‌కి ఆరు సిలిండర్లు, సిలిండరుకి రెండేసి ప్లగ్గులు, ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఇగ్నిషన్లు: ఒకటి కాయిల్, ఒకటి మాగ్నెటో. ఒకటి మొరాయిస్తే రెండోది ఉండేది. మనవాళ్ళు ఇవాళ రిడండెన్సీ అని స్లైడ్లు వేస్తున్నది ఇదే.

ఆ తర్వాత చార్లెస్ కెటరింగ్ ఇగ్నిషన్ వచ్చింది. 1910 నాటికి కాడిలాక్ కార్లకెక్కింది. అన్ని సిలిండర్లకీ ఒకే కాయిల్, దాని కరెంటుని వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటరు. మన అంబాసిడర్లూ ప్రీమియర్ పద్మినీలూ బతికినన్నాళ్ళూ దీనిమీదే బతికాయి. కాయిల్ పోతే బండి మొత్తం ఆగేది, ఒక వైరో ప్లగ్గో పోతే ఒక్క సిలిండరే ఆగేది. అందుకే పాత ఉస్తాదులు చెక్కపిడి స్క్రూడ్రైవరుతో ఒక్కో ప్లగ్గునీ షార్ట్ చేసి, చెవితో విని చెప్పేసేవాళ్ళు. (ఇవాళ్టి బండ్లమీద ఇది చెయ్యకండి. షాకూ కొడుతుంది, ఎలక్ట్రానిక్సూ పోతాయి.)

చివరికి కంప్యూటరొచ్చింది. కాలిఫోర్నియా వాళ్ళు పొగ భరించలేక పెట్టిన నిబంధనల పుణ్యమా అని 1996 మోడల్ నుంచి అమెరికా కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరైంది. మనదేశంలో కార్లకి 2013 ఏప్రిల్ నుంచి. ఇది మిస్సింగ్‌ని పట్టే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. సిలిండరు పేలిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ రవ్వంత వేగం పుంజుకోవాలి. పుంజుకోకపోతే ఆ క్షణంలో ఎవరి వంతో చూసి పేరు రాసుకుంటుంది. పి0302 అంటే రెండో సిలిండరు వంతు ఎగ్గొట్టిందని, అంతే! ఎందుకు ఎగ్గొట్టిందో అందులో లేదు. గతుకుల రోడ్డు మీద చక్రాల కుదుపు క్రాంక్‌షాఫ్ట్‌కి తగిలినా ఈ లెక్క తప్పే ప్రమాదముంది. దాన్ని కాచుకోడానికి వేరే లాజిక్ రాస్తారు. రాసినవాళ్ళు మన రోడ్లు చూశారో లేదో మరి.

లైటు మిణుకుమంటే మాత్రం బండి పరిగెత్తించకూడదు. కాలని పెట్రోలు సైలెన్సరు దారిలోని కేటలిటిక్ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండుతుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన వస్తువది, కాయిల్ ధర దాని ముందు చిల్లర. ఇది తెలియక ఫ్లైఓవర్ మీద నేను తొక్కిన తొక్కుడు తల్చుకుంటే ఇప్పటికీ గుండె గుభేల్‌మంటుంది.

ఇంకో సంగతి. డిస్ట్రిబ్యూటర్లు పోయాక ఇప్పటి చాలా బండ్లలో మళ్ళీ సిలిండరుకొక కాయిల్ వచ్చింది. అంటే మోడల్ టీ చెక్కపెట్టెలు ప్లాస్టిక్ చొక్కా తొడుక్కుని తిరిగొచ్చాయి. మరి ఆ పరీక్ష కూడా తిరిగి రావాలిగా?

మర్నాడు వర్క్‌షాపు నుంచి అమీర్‌పేట సందులో షెడ్డుకి టోయింగ్ బండి మీద తీసుకెళ్ళాను. ఉస్తాద్‌కి యాభై దాటుంటాయి. ఎస్టిమేట్ చూసి నవ్వాడు. "గిదేం పెద్ద ముచ్చట కాదు సార్. రెండో నంబరు కాయిల్ నాలుగుల పెడ్తం. బీమారీ దానెంట పోతే కాయిల్‌ది, పోకపోతే ఇంజన్‌ది."

రాత్రంతా మేలుకుని నేను తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. "మరి ఇంజన్‌దయితే?" అన్నాను. "కంప్రెషన్ గేజ్ పెట్టి లెక్క సూపిస్త. లెక్క సూడకుండ హెడ్ ఎవ్వనికీ దింపనియ్యకు."

ఇంజన్ చల్లారాక కాయిల్ లాగితే ప్లగ్గు గుంటలో ఇంకా నీళ్ళున్నాయి, కాయిల్ రబ్బరు తొడుగు పగిలి ఉంది. గుంట ఆరబెట్టి, కాయిల్స్ అటూ ఇటూ మార్చి, పాత కోడ్ చెరిపేసి స్టార్ట్ చేశాడు. రెండు నిమిషాలకి నా బ్లూటూత్ స్కానర్ మీద కొత్త కోడ్ వచ్చింది: పి0304. ప్లగ్గులూ ఇంజెక్టర్లూ కదల్లేదు, కాయిల్ ఒక్కటే కదిలింది, దానివెంటే తప్పూ కదిలింది. ఎర్రర్ మెసేజ్ చూసి ఇంత సంబరపడ్డది నా సర్వీసులో ఇదే మొదలు.

కొత్త కాయిల్ 1,900. ఉస్తాద్ తీసుకున్నది 300. డబ్బులిచ్చి బయల్దేరబోతుంటే చెయ్యి తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. కొడుకు బీటెక్ అయి ఏడాదైందట, మైత్రివనం దగ్గర జావా నేర్చుకుంటున్నాడట. "మీ ఆఫీసుల ఫ్రెషర్స్‌కు ఏమన్న ఉన్నయా సార్?"

రెజ్యుమే వాట్సాప్‌లో పంపమన్నాను. ఇంటికొచ్చేలోపే వచ్చేసింది.