చీర కూలీలో కనపడని ఆసు

పోచంపల్లి చీర అనగానే మగ్గం గుర్తొస్తుంది గాని, మగ్గం ఎక్కేసరికే సగం పని అయిపోయి ఉంటుంది. పేక నూలు ఆసు పోయాలి, డిజైను గుర్తులు పెట్టాలి, రంగు అంటకూడని చోటల్లా చిటికి కట్టాలి, రంగులో ముంచి ఆరబెట్టి కట్లు విప్పాలి, మరో రంగుకు మళ్లీ కట్టాలి, కండెలు చుట్టాలి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో చీరాల వైపు నుంచి నల్గొండ పల్లెలకు చేరిన ఈ విద్యలో ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తారు. కూలీ మాత్రం చీరకింత అని నేతగాడి పేరు మీదే కట్టేవారు. వృత్తిని పనులుగా విడదీసి చూస్తే తప్ప అందులో ఎవరి కష్టమెంతో తేలదనడానికి ఆసే సాక్ష్యం.

ఆసు పోయడానికి ఒకవైపు ఒక మేకు, సుమారు మీటరు ఎడంగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. దారం పట్టిన చెయ్యి వాటి మధ్య పోయి రావాలి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటలు పట్టే ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. భుజం నొప్పులూ వాళ్లవే. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి పడే బాధ చూసిన చింతకింది మల్లేశం 1992లో పూనుకుని 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. అదే పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేతనంతా యంత్రానికి అప్పగించకుండా, ఒంటిని అరగదీసే ఒక్క పనిని వేరుచేసి పట్టుకోవడమే ఆయన చూపిన తెలివి.

పనిని ముక్కలు చేస్తే నష్టపోయేది కార్మికుడేనన్న వాదన ఉంది. దానికి ఆధారమూ ఉంది: 1832లో ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ గుండుసూదుల తయారీని విడదీసి, ఏ ముక్కకు ఎంత నేర్పు కావాలో అంతకే కూలీ ఇస్తే ఖర్చు తగ్గుతుందని చూపాడు. అక్కడ లెక్క యజమాని ఖర్చుది, ఇక్కడ లెక్క పనిచేసే మనిషి ఒంటిది. విడదీయడం ఒకటే, అడిగిన ప్రశ్న వేరు. యంత్రం చొరబడితే చేనేత మిగలదన్న అభ్యంతరమూ నిలవదు. ఆసుకు లెక్క తప్పని ఓర్పు కావాలి. డిజైను పుట్టేది చిటికి కట్టే వేళ్లలో, పేకను పోగు తప్పకుండా సరిచూసే నేతలో. అవి చేతిపనిగానే ఉన్నాయి. యంత్రం ఆసు భారాన్ని తగ్గించింది గాని దానికి విలువ కట్టలేదు. కూలీ లెక్క చీరతో కాక, ఒక్కో పని పట్టే గంటలతో మొదలైతేనే ఆ బాకీ తీరుతుంది.