వయోజనుల్లో ఏడీహెచ్‌డీ: నిర్ధారణ, చికిత్స

శ్రద్ధ నిలవకపోవడం, స్థిమితం లేకపోవడం, ముందూవెనకా చూడకుండా తొందరపడటం: వీటిలో ఏవైనా చిన్ననాటి నుంచీ ఉండి బతుకుతెరువుకే అడ్డు తగులుతుంటే వైద్యులు దాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. తెలుగులో అవధాన లోప అతిచలన రుగ్మత అని రాస్తున్నారు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్య. చాలామందిలో పెద్దయ్యాక కూడా పోదు, రూపు మార్చుకుని ఉండిపోతుంది. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి వేసిన అంచనాల్లో వయోజనుల్లో సుమారు 2.5 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది.

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో ఈ పేరు వినని వాళ్లే ఎక్కువ. లక్షణాలకు మాత్రం మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. నిమ్మళం లేదు, అన్నీ ఆగమాగం, చెప్పింది యాదికుండదు, పట్టిన పని ఒడవనియ్యడు. ఇవన్నీ మనిషి గుణం మీద వేసే నిందలు. వాటి కింద వైద్యం చేయదగ్గ సమస్య ఉండొచ్చన్న ఊహ ఇంట్లోవాళ్లకే కాదు, ఆ మనిషికీ రాదు.

తెలుగువాళ్లకు అవధానం కొత్త మాట కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడిగినవాటికి అవధాని పద్యాలు కడుతూ పోయి, చివరికి ధారణ చేసి అప్పజెబుతాడు. నడుమ అతని ఏకాగ్రత చెడగొట్టడానికే అప్రస్తుత ప్రసంగి ఒకడుంటాడు. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి పొద్దు పొడిచింది మొదలు ప్రతి చప్పుడూ, ప్రతి ఆలోచనా అప్రస్తుత ప్రసంగే. ఏది వినాలో ఏది వదలాలో మెదడు తేల్చుకోలేకపోవడం, చేతిలో ఉన్న పనిని కాసేపు మనసులో పట్టి ఉంచలేకపోవడం: ఇబ్బంది ఎక్కువగా ఈ రెండు చోట్లే. తెలివి తక్కువై కాదు. నచ్చిన పనిలో గంటల తరబడి మునిగిపోవడం కూడా వీళ్లలో కనిపిస్తుంది. అదే వాళ్లకు మరింత చెడ్డపేరు తెస్తుంది, ‘ఇష్టముంటే బానే చేస్తడు’ అని.

మిరప, పత్తి వేసే రైతుకు ఇది ఉంటే ఎలా ఉంటుందో చూడండి. పురుగుమందుల దుకాణంలో మందు కొంటాడు, ఆ సంచి టీ తాగిన హోటల్లో మరచి వస్తాడు. ఒక మడికి నీళ్లు పెట్టి, మధ్యలో మోటారు బాగుచేద్దామని కూర్చుని, దాన్ని సగం విప్పి ఇంకో పని మీద ఊళ్లోకి వెళ్తాడు. బ్యాంకులో పంట రుణం రెన్యువల్ తేదీ తెలుసు, డబ్బు కూడా ఉంది, కానీ రేపు రేపు అంటూ గడువు దాటిపోతుంది. దాంతో సకాలంలో కట్టినవారికి కేంద్రం ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ పోతుంది. ఇంటికొచ్చాక గొడవ. తప్పు తనదేనని అతనికీ తెలుసు, ఎందుకు జరుగుతోందో మాత్రం తెలియదు. ఏళ్ల తరబడి ఇలా మాటపడిన మనిషిలో దిగులు, ఆందోళన, కొందరిలో తాగుడు వచ్చి చేరతాయి. డాక్టరు దగ్గరికి వచ్చేది చాలాసార్లు వీటి కోసమే. అసలుది అడుగునే ఉండిపోతుంది.

ఆడవాళ్లలో ఇది ఇంకా మరుగునే ఉంటుంది. ఆడపిల్ల బడిలో గంతులు వేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే టీచరు ఫిర్యాదు చేయదు. పెళ్లయ్యాక పొయ్యి మీద పాలు పొంగిపోవడం, పిల్లల ఫీజు గడువు దాటడం కనిపిస్తాయి. అప్పుడు కూడా ‘ఇల్లు దిద్దుకోవడం రాదు’ అనే తీర్పే.

నిర్ధారణ

దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. అనుభవమున్న మానసిక వైద్యుడు తీరిగ్గా అడిగి తెలుసుకోవడమే పరీక్ష. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథంలో శ్రద్ధకు సంబంధించి 9, అతిచలనం, తొందరపాటుకు సంబంధించి 9 లక్షణాలు ఉన్నాయి. పిల్లల్లో ఏదో ఒక వర్గంలో 6 కనిపించాలి, 17 ఏళ్లు నిండినవారిలో 5 చాలు. అవి కనీసం 6 నెలలుగా ఉండాలి, ఇల్లు, పని వంటి రెండు చోట్లయినా ఇబ్బంది పెట్టాలి, కొన్నయినా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. అంతకు ముందు కూర్పులో ఈ హద్దు 7 ఏళ్లే. పెద్దవాళ్లకు అంత వెనకటి సంగతులు ఎలా గుర్తుంటాయన్న ఆలోచనతో పెంచారు, అది సబబే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో తయారైన 18 ప్రశ్నల స్వీయ నివేదికలో మొదటి 6 ప్రశ్నలు అనుమానం ఉందో లేదో చెబుతాయి. అంతవరకే. ఫోనులో ఆ ప్రశ్నలకు జవాబులిచ్చి నాకు ఏడీహెచ్‌డీ ఉందని తేల్చుకోకూడదు.

నిర్ధారణకు కీలకం బాల్యం. అందుకే డాక్టరు రోగిని అడిగినంత శ్రద్ధగా వెంట వచ్చిన తల్లినీ అడగాలి. బడికి పోయేటప్పుడు ఎలా ఉండేవాడు? ‘పలకలు ఎన్ని కొన్నమో లెక్కలేదు సారూ, అన్నం ముందట కూసొని సగం తిని ఉరికేటోడు’ అనే జవాబు ఏ ప్రశ్నావళి కన్నా విలువైంది. చదువు రాని తల్లి చెప్పిందైనా అది సాక్ష్యమే. ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్లను ఆ భాష తెలిసినవారి ద్వారా అడిగించాలి.

నిర్ధారణలో మరో సగం పని, ఏడీహెచ్‌డీ కానివాటిని ఏరివేయడం. థైరాయిడ్ తేడా, రక్తహీనత, గురకతో నిద్ర తెగిపోవడం, డిప్రెషన్, బైపోలార్, మద్యం, గంజాయి, ఇవన్నీ శ్రద్ధను దెబ్బతీస్తాయి. ముప్పై ఏళ్లదాకా బాగుండి ఈ మధ్యే మతిమరుపు మొదలైందంటే వెతకాల్సింది వేరేచోట.

ఏడీహెచ్‌డీ వంశంలో బలంగా వస్తుంది. పిల్లల సంగతికొస్తే, జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం 2013 నుంచి 18 ఏళ్లలోపు పిల్లల్లో గుర్తించాల్సినవాటి జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. కొడుకు లక్షణాలు డాక్టరు చదువుతుంటే పక్కన కూర్చున్న తండ్రి తన చిన్నతనాన్ని గుర్తుపట్టడం ఈ వైద్యంలో తరచూ జరిగేదే. ఆ తండ్రి కోసం అలాంటి కార్యక్రమం ఏదీ లేదు. పద్దెనిమిది దాటగానే చేయి వదిలేయడం ఈ వ్యవస్థలో పెద్ద లోపమని చెప్పక తప్పదు.

చికిత్స

1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, బెంజడ్రిన్ అనే మందు ఇచ్చిన పిల్లలు చదువులో కుదురుకోవడం గమనించాడు. 1944లో స్విట్జర్లాండ్‌లో మిథైల్‌ఫెనిడేట్ తయారైంది. ఇవి ఉత్తేజక మందులు. మెదడులో డోపమిన్, నార్‌అడ్రినలిన్ అందుబాటును పెంచుతాయి. మిథైల్‌ఫెనిడేట్ వేసుకున్న గంటలోపే పనిచేస్తుంది. మామూలు బిళ్ల ప్రభావం మూడు, నాలుగు గంటలు, నెమ్మదిగా కరిగేదైతే ఇంకా ఎక్కువసేపు. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, నాడి, బీపీ పెరగడం ఉంటాయి కాబట్టి మొదలుపెట్టే ముందు గుండె జబ్బుల చరిత్ర అడగాలి, ఆ తరువాత బీపీ, బరువు చూస్తుండాలి. అటోమాక్సెటిన్ ఉత్తేజకం కాదు, అలవాటుగా మారదు, కానీ పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది. రెండు రోజులకే పనిచేయలేదని మానేసేవారికి ఈ సంగతి ముందే చెప్పాలి.

మందు శ్రద్ధను నిలబెడుతుంది గానీ రోజును దిద్దిపెట్టదు. అందుకు ప్రవర్తనా చికిత్స ఉంది. పెద్ద పనిని ముక్కలు చేయడం, గోడ మీద ఒకే ఒక్క క్యాలెండర్ పెట్టడం, తాళాలకు ఒకే మేకు కొట్టడం, బ్యాంకు గడువు నాడు ఫోను మోగేలా చేయడం, భార్యో తమ్ముడో పక్కన కూర్చుని కాగితాలు పూర్తి చేయించడం. చిన్నవిగా కనిపించినా ఇవే ఇల్లు నిలబెడతాయి.

డోర్నకల్ నుంచి

డోర్నకల్ రైల్వే జంక్షన్. కాజీపేట, విజయవాడ ప్రధాన మార్గం నుంచి కొత్తగూడెం వైపు దారి ఇక్కడే చీలుతుంది. మానసిక వైద్యం కోసం వెళ్లాలన్నా ఈ పట్టాలే దారి: ఒకవైపు మహబూబాబాద్, వరంగల్, ఇంకోవైపు ఖమ్మం. మహబూబాబాద్, కొత్తగూడెంలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఇక్కడి అవసరం ఎంతో మాత్రం అది చెప్పదు: రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు.

మందు చీటీ చేతికొచ్చాక ఇంకో మెట్టు ఉంది. మిథైల్‌ఫెనిడేట్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తుంది, ఔషధ నియమాల్లో ఎక్స్ షెడ్యూలులో ఉంది. దానికి ప్రత్యేక లైసెన్సున్న దుకాణమే అమ్మాలి. చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి దుకాణంలో రెండేళ్లు భద్రపరచాలి. దుర్వినియోగం ఆపడానికి ఈ కట్టుబాటు అవసరమే. అయితే రైలు దిగి, దుకాణాలు తిరిగి, దొరక్క వెనక్కి వచ్చేవాడు మతిమరుపు మనిషే అన్నది గుర్తుంచుకోవాలి. చీటీ రాసేటప్పుడే ఏ దుకాణంలో దొరుకుతుందో కనుక్కుని చెప్పడం డాక్టరు బాధ్యతల్లో ఒకటి. 

మొదటి అడుగుకు ప్రయాణం అక్కర్లేదు. కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళ అయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్లండి. పెట్టె అడుగున పాత ప్రోగ్రెస్ కార్డులుంటే అవి కూడా పట్టుకెళ్లండి.