ఖయాము రుబాయీలు: తొలి ముద్రణల త్రోవ

రాయపురమునందలి ‘తెలీబంధా’ పేరు విన్నంతనే తెలుగువానికి అది తన భాషకు సంబంధించిన పదమేమో యని తోచును. అది భ్రమ. ఆ సీమవారి వాడుకలో ‘తెలీ’లనగా గానుగ లాడించి నూనె తీయువారు; ‘బంధా’ యనగా కట్ట కట్టి నిలిపిన చెరువు. మన ‘తెలికవారు’ అను మాటకును దానికిని చుట్టరికము కలదు గాని, ఆ పేరులో తెలుగు లేదు. ఐనను ఆ యూరికి తెలుగుతో సంబంధము లేకపోలేదు. 1931లో రాయపురమునకును విజయనగరమునకును నడుమ రైలుమార్గము పూర్తియైనది. నాటినుండి కొండలు దాటి అటు వెళ్లిన మన కుటుంబములు పెట్టె బేడలతోపాటు పుస్తకములను గూడ మోసికొని వెళ్లినవి. ఆ మరుసటి సంవత్సరముననే, అనగా 1932లో, విజయనగరవాసియైన ఆదిభట్ల నారాయణదాసుగారి ‘రుబాయత్ ఆఫ్ ఉమర్ ఖయ్యామ్’ వెలువడినది. ఇట్టి గ్రంథముల తొలి ముద్రణలను సేకరించుట యందలి ప్రయోజన మెట్టిదో విచారించుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

ఖయాము 1048 మొదలు 1131 వరకు జీవించిన పారశీక గణితజ్ఞుడు, జ్యోతిశ్శాస్త్రవేత్త. ఆతనిని క్షీణయుగ కవి యనుట చరిత్రకు విరుద్ధము. కాని ఆతని పద్యముల ఆంగ్లానువాదమును నెత్తిన బెట్టుకొన్నవారిలో పందొమ్మిదవ శతాబ్ది చివరనాళ్ల ఐరోపా క్షీణయుగ కవులు ముఖ్యులు. సుఖము క్షణికము, మృత్యువు తథ్యము, పానపాత్రమే ఓదార్పు అను భావములు వారి మనస్సులకు హత్తుకొన్నవి. ఈ ధోరణికి ఆద్యుడుగా చెప్పబడు బోదలేర్ 1857లో తన పద్యసంపుటిని ప్రకటింపగా న్యాయస్థానము ఆరు పద్యములను నిషేధించినది; ఆ తీర్పు 1949లో గాని రద్దు కాలేదు. మనకును ఇట్టి కథ యొకటి కలదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించి ప్రకటించిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ నిషేధమునకు గురియై, 1947లో విముక్తి పొంది, 1952లో వావిళ్లవారిచే మరల అచ్చయినది. ‘క్షీణయుగ’ మను ముద్ర పడిన గ్రంథమునకు పాఠకుని యాదరము తగ్గును. ఆదరము తగ్గిన గ్రంథమునకు అలమారలో చోటు తగ్గును. తొలి ముద్రణలు దుర్లభము లగుటకు కాలము, చెదలు మాత్రమే కాక, విమర్శకుల మాటయు నొక కారణమే.

ఇక అనువాదము కథ. ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్‌కు పారశీకము నేర్పిన మిత్రుడు కోవెల్. అతడు కలకత్తాకు ఉద్యోగమునకై వచ్చి, అచ్చటి ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయమున ఖయాము వ్రాతప్రతి నొకదానిని చూచి, దాని నకలును మిత్రునకు పంపెను. కావున ఆ యనువాదమున ఆదినుండియు భారతదేశమునకు భాగము కలదు. 1859లో లండనునందు క్వారిచ్ అను పుస్తకవిక్రేత 250 ప్రతులు వేసెను. పద్యములు 75. అనువాదకుని పేరు లేదు. పుస్తకము అమ్ముడుపోలేదు. తుదకు దానిని కాసుకు పుస్తకముల పెట్టెలో పడవేసిరి. 1861లో విట్లీ స్టోక్స్ అను పండితుడు దానిని చూచి రోసెటీకి చూపెను. రోసెటీ మూలమున స్విన్‌బర్న్ చేతికి వచ్చెను. నాడు ఒక పెన్నీకి దొరికిన ఆ చిన్న పొత్తమే నేడు ధనవంతులకు సైతము అందుటకు కష్టమైన వస్తువు.

ఈ స్టోక్స్ 1862లో మద్రాసునకు వచ్చెను. ఆ సంవత్సరముననే మద్రాసులో రుబాయీలు మరల అచ్చయినవి. అది అనువాదకుని యనుమతి లేకుండ, మిత్రులకు పంచుటకై కొలదిప్రతులుగా వేసిన ముద్రణ. ఫిట్జెరాల్డ్ తానే రెండవ ముద్రణమును 1868లో వెలువరించుటకు ఆరేండ్లు ముందే, తెలుగువారును తమిళులును కలసి మెలగిన పట్టణమున ఈ గ్రంథము అచ్చుకెక్కినదన్న మాట. ముద్రిత గ్రంథముల ప్రతులను ప్రభుత్వమునకు సమర్పించి నమోదు చేయవలెనను చట్టము వచ్చినది 1867లో. అంతకుముందు అచ్చయిన పుస్తకమునకు ఆ పట్టికలలో చోటుండదు. అట్టివాని జాడను నిలుపువాడు సేకర్త యొక్కడే.

చిత్రములతో కూడిన ముద్రణలు తరువాత వచ్చినవి. 1884లో బోస్టనునందు ఎలిహు వెడ్డర్ అను చిత్రకారుడు పద్యమును, బొమ్మను ఒకే పుటపై తన చేతితో కూర్చెను. అచ్చట చిత్రకారుడు కవికి సేవకుడు కాడు, వ్యాఖ్యాత. 1909లో ఎడ్మండ్ డ్యూలాక్ వర్ణచిత్రములతో మరియొక ముద్రణము వెలువడెను. 1910లో లండనునుండి వచ్చిన ముద్రణమునకు బొమ్మలు వ్రాసినవారు మన అవనీంద్రనాథ ఠాకూరు. పారశీక కవి భావమును ఆంగ్లేయుడు పద్యముగా మార్చగా, మొగలు చిత్రరీతిని పునరుద్ధరింప బూనిన వంగదేశీయుడు దానికి రూపము గల్పించెను. వెడ్డర్ ముద్రణపు ప్రతి నొకదానిని లండనునందలి సాంగోర్‌స్కీ, సట్‌క్లిఫ్ అను జిల్దుపనివారు రత్నములు పొదిగి, అట్టపై నెమళ్లను దిద్ది సిద్ధపరుపగా, అది 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడతోపాటు సముద్రగర్భమున కలసిపోయినది. అలంకారము పుస్తకమును రక్షింపజాలదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

తెలుగున ఖయామును అవతరింపజేసినవారు పలువురు. పిఠాపురవాసులైన ఉమర్ ఆలీషాగారు, కవికోకిల దువ్వూరి రామిరెడ్డిగారు, నారాయణదాసుగారు వారిలో ముఖ్యులు. నెల్లూరుసీమ రైతుకుటుంబమున బుట్టిన రామిరెడ్డిగారు పారశీకము నభ్యసించి మూలమునుండియే ‘పానశాల’ను రచించిరి. దాసుగారి మార్గము వేరు. వారు పారశీక మూలమును, ఫిట్జెరాల్డ్ ఆంగ్లమును రెండింటిని సంస్కృతమునకును అచ్చతెనుగునకును మార్చి, వానినన్నిటిని ఒకచోట నిలిపిరి. ఫిట్జెరాల్డ్ మూలమునుండి ఎంత దూరము తొలగెనో పాఠకుడే సరిపోల్చుకొనవలెనని వారి పట్టుదల. ఆ పుటల కూర్పే ఆ గ్రంథపు వాదము. మూలమును తొలగించి తెలుగు పద్యములను మాత్రమే పునర్ముద్రించినచో పద్యములు మిగులును, వాదము నశించును. తొలి ముద్రణమును భద్రపరుపవలెననుటకు ఇది చాలిన హేతువు. వెడ్డర్ బొమ్మలను తీసివేసిన రుబాయీల విషయమునను ఇదియే మాట చెప్పవచ్చును.

ఆ కాసుకు పుస్తకపు సంబంధము మనకు మరియొక దారిని గూడ అందినది. రోసెటీ మిత్రబృందమున దానిని మెచ్చిన స్విన్‌బర్న్, తరువాతి క్షీణయుగ కవులకు గురుస్థానీయుడు. ఆ స్విన్‌బర్న్‌నే సంబోధించుచు శ్రీశ్రీ ఒక ఖండిక వ్రాసెను. ‘అద్వైతం’ అను ఖండికను ఆతని ఆంగ్లగీతమునకు అనుసరణముగా రచించెను. రెండును 1950లో పుస్తకరూపమున వచ్చిన ‘మహాప్రస్థానం’లో నున్నవి. అభ్యుదయ కవిత్వమునకు పతాకయని మనము చెప్పుకొను సంపుటిలో క్షీణయుగపు ఛాయ గలదనుట కొందరికి రుచింపకపోవచ్చును. కాని ఏ కవి ఏ పుస్తకమును చదివి ఎట్లు మారెనో తెలియవలెనన్న ఆ పుస్తకములు మిగిలియుండవలెను. పేరు నచ్చలేదని పారవేసినచో చరిత్రలో కొన్ని మెట్లు విరిగిపోవును.

సేకర్తకు ధనముకంటె ఓర్పు ముఖ్యము. పుస్తకము చేతికి వచ్చినప్పుడు ముద్రణవివరముల పుట యున్నదా, పీఠిక పూర్తిగా నున్నదా, బొమ్మలు లెక్కకు సరిపోవుచున్నవా యని చూడవలెను. విడిగా అచ్చువేసి అంచున అంటించిన వర్ణచిత్రములను ఊడదీసి పటములు కట్టించుకొనుట సర్వత్ర కలదు. అట్టి ప్రతి వెల తగ్గినదే గాని పాఠము తగ్గినది కాదు. జిల్దు వేయించునపుడు పాత అట్టను పారవేయరాదు, అంచులు కోయింపరాదు. పులిసిన కాగితమును వెలుతురునుండి, తేమనుండి కాపాడవలెను.

ఇప్పుడు మరల తెలీబంధాకు వత్తము. ఒకప్పుడు ధమ్తరీ పోవు చిన్నరైలు ఆగిన తావది. నేడు ఆ పట్టాల జాడలో రహదారి నడచుచున్నది. ఊరు మారినంత వేగముగా ఇండ్లలోని పెట్టెలును ఖాళీ యగుచుండును. ఆంధ్రదేశమున పాతపుస్తకములు కొనువాడు కనీసము పేరైనను చదువగలడు. పరభాషాప్రాంతమున కొనువానికి మన లిపి తెలియదు. ‘పానశాల’యైనను పంచాంగమైనను వానికి తూకమే ప్రమాణము. అమ్మువాని బిడ్డలకును ఆ లిపి రానప్పుడు ఇక అడ్డుచెప్పువాడుండడు. కావున రాయపురమందైనను, నాగపురమందైనను, ఖరగ్‌పూరునందైనను నివసించు తెలుగు రచయితలకు నాదొక విన్నపము. తాతగారి పెట్టెను కాగితముల వానికి అప్పగించుటకు ముందు ఒక సాయంకాలము దానిముందు కూర్చుండుడు. ప్రతి పుస్తకమునకును మొదటి పుట తెరచి, పేరు, ముద్రణశాల, సంవత్సరము ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఉంచుకొన దలచినది ఉంచుకొని, తక్కినవానిని తెలుగు చదువరులున్న గ్రంథాలయమునకు చేర్చుడు. లండనునందు కాసుపెట్టెలో పడిన పొత్తమును ఎవడో ఒకడు వంగి చేతికి తీసికొన్నందువలననే ఖయాము మనవరకు వచ్చెను.