తొట్టెలో సముద్రము

ఒకప్పుడు తెలంగాణపు లోపలి ఊళ్లకు సముద్రము ఉప్పు రూపముననే వచ్చెడిది. తీరమున ఉప్పు మడులలో పండినదానిని లంబాడీలు ఎద్దుల వీపులపై పెరికలు వేసి దక్కనుకు చేర్చెడివారు. కామారెడ్డి జిల్లాలోని లింగంపేటకు ఏ దిక్కు తీరమైనను వందల కిలోమీటర్ల దూరము. నేడు అట్టి ఊరిలోనైనను ఒక ఇంటి గదిలో, గాజు తొట్టెలో, మెత్తని పగడపు జీవులను, సముద్రపు చిరుచేపలను పెంచుట అసాధ్యము కాదు. ఇందుకై తయారైన ఉప్పును స్వచ్ఛమైన నీటిలో కలిపినచో సముద్రపు నీరు సిద్ధమగును. అయితే ఉప్పు కలిపిన నీరెల్ల సముద్రమగునా? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటలో రమారమి రెండు వందల సంవత్సరములు గడచినవి. ఆ చరిత్రను ఇచట కొంత తెలిసికొందము.

ఉప్పు మడిలో నీరు ఎండకు ఇగిరినపుడు మనము వంటకు వాడు ఉప్పు పలుకులు కట్టును; మడిలో చేదునీరు మిగిలిపోవును. మెగ్నీషియము, పొటాషియము మొదలగు లవణములలో అధికభాగము ఆ చేదునీటిలోనే నిలుచును. కావున వంట ఉప్పు సముద్రములో ఒక భాగమే కాని సముద్రము కాదు. 1826లో ఫ్రాన్సు దేశీయుడగు బలార్ అట్టి మిగులు నీటినుండియే బ్రోమిను అను మూలకమును వేరుచేసెను. అంతకు ముందే, 1811లో, కూర్త్వా సముద్రపు నాచును కాల్చిన బూడిదలో అయోడినును కనుగొనెను. సముద్రపు నీటిలోని అయోడిను కంటికి గాని, నాలుకకు గాని తెలియదు. అయినను నాచు దానిని అణువణువుగా ఏరి తన ఒంటిలో కూర్చుకొనుచున్నది. మానవుని త్రాసుకు అందనిది నాచుకు అందినదని చెప్పవచ్చును.

1819లో లండనులో ఉండిన మార్సె అను రసాయనజ్ఞుడు వివిధ సముద్రముల నీటిని పరీక్షించి ఒక ముఖ్య విషయమును గ్రహించెను. ఒకచోట ఉప్పదనము ఎక్కువగాను, మరియొకచోట తక్కువగాను ఉండవచ్చును. కాని ముఖ్య లవణముల పాళ్లు ఒకదానితో నొకటి పోల్చినపుడు మారవు. 1872 నుండి 1876 వరకు లోకమును చుట్టివచ్చిన చాలెంజరు నౌక తెచ్చిన నీటి నమూనాలలో డెబ్బదియేడింటిని డిట్మార్ పండితుడు శోధించి, 1884లో ఆ సంగతిని స్థిరపరచెను. ఒక కిలోగ్రాము సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణములు కలవు. అందు కాల్షియము 400 మిల్లీగ్రాములకు కొంచెము పైన, స్ట్రాంషియము 8 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1.3 మిల్లీగ్రాములు, అయోడిను 0.06 మిల్లీగ్రాము మాత్రమే. రాగి మిల్లీగ్రాములో వెయ్యవ వంతు కూడ సాధారణముగా ఉండదు. ఇట్టి మిక్కిలి స్వల్పమైన వాటినే సూక్ష్మ మూలకములు అందురు. మార్సె చెప్పిన నియమము ముఖ్య లవణములకు వర్తించును గాని, జీవులు తినివేయు ఈ స్వల్ప ద్రవ్యములలో పెక్కింటికి వర్తింపదు.

పండితులు సీసాలలో నీటిని కొలుచుచుండగా, గృహస్థులు గిన్నెలలో సముద్రమును బ్రతికింప యత్నించిరి. 1846లో అన్నా థిన్ అను ఇంగ్లీషు మహిళ టార్కీ తీరమునుండి రాతి పగడములను లండనులోని తన ఇంటికి తెచ్చుకొనెను. నీరు చెడకుండుటకు ఆమె ఇంటి దాసి ప్రతిదినము కిటికీవద్ద నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రకు ఎత్తి పోసెడిదట. మనవారు పాలు చల్లార్చు పద్ధతియే అది! ఆ పోతలో గాలి నీటిలో కలిసెను, పగడములు బ్రతికెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ నాలుగు లవణములను కలిపి కృత్రిమ సముద్రజలమును చేసి, అందు మొదట పచ్చని నాచును ఉంచి, కొన్ని దినములైన పిమ్మట జీవులను విడిచెను. నాలుగు లవణములే వేసిన ఆ నీటికి తక్కిన స్వల్ప ద్రవ్యములు ఎట్లు వచ్చును? రాళ్లతో, నాచుతో, జీవులతో అవియు కొంత వచ్చి చేరుననుట నేడు మనకు తెలిసిన సంగతి.

మన ప్రాంతమునకు వత్తము. 1909లో మద్రాసు సముద్రపుటొడ్డున ప్రజలు చూచుటకై జలజీవ ప్రదర్శనశాల తెరువబడినది. తీరమున ఉన్న శాలకు సముద్రమే వైద్యుడు. నీరు చెడినచో క్రొత్త నీరు చేరువనే కలదు. అయినను తీరపు నీరు సయితము ఎల్లప్పుడు ఒకే తీరున ఉండదు. 1952లో అమెరికానుండి వచ్చిన లాఫాండ్ ఆచార్యుడు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారితో కలిసి బంగాళాఖాతపు నీటిని పరిశీలింప నారంభించెను. వానకాలము గడచిన పిమ్మట నదుల వరదనీరు కలిసి ఈ తీరజలముల ఉప్పదనము బాగుగా తగ్గును. సముద్రమంత పెద్దదియే ఇట్లు మారుచుండగా, ఏబది లీటర్ల తొట్టె మాట చెప్పనేల?

1961లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని లోకమునకు తెలిపెను. జీవులతో నిండిన పగడపు రాళ్లను తొట్టెలో ఉంచి, గాలి బుడగలు వదలుటయే ఆ పద్ధతి. 1959లో గోరో శాస్త్రజ్ఞుడు పగడములు చీకటిలో కంటె వెలుగులో త్వరగా సున్నమును కట్టుకొనునని ప్రకటించెను. కట్టడమునకు సున్నము కావలయును గదా! జర్మను భాషలో వ్రాసిన పీటర్ విల్కెన్స్ 1970లలో తొట్టెకు సున్నపుతేట పోయుమని బోధించెను. తాంబూలపు సున్నమును ఎరిగిన మనకు ఈ మందు వింత కాదు. అయితే సున్నపుతేట తీవ్రమైన క్షారము. ఇగిరిపోయిన నీటికి బదులుగా, కొలత చూచుకొని, చుక్కలు చుక్కలుగా పోయవలయును.

కాల్షియము తరువాత సూక్ష్మ మూలకముల వంతు వచ్చినది. వాటి పేరిట సీసాలు అంగళ్లలోనికి వచ్చినవి. ఇచటనే మేము శ్రోతలను హెచ్చరింపదలచినాము. ఏబది లీటర్ల సముద్రపు నీటిలో ఉండదగిన అయోడిను మొత్తము 3 మిల్లీగ్రాములు. మనము గాయములకు పూయు టింక్చరు అయోడిను రెండు మూడు చుక్కలలోనే అంత అయోడిను ఉన్నది. కొలత తెలియక ఒక మూత నిండ పోసిన మందు ఏమి చేయునో ఊహించుకొనవచ్చును. రాగి సంగతి మరింత కఠినము. రాగి బిందెలో నీరు నిలువచేయుట మన ఇండ్లలో మంచి ఆచారము. కాని ఆ నీరు ఈ తొట్టెలోని రొయ్యలకు, పగడములకు విషమే. చేపల రోగములకు వాడు మందులలో కొన్నింట రాగి కలదు. అవి ఈ తొట్టెలో పడరాదు. చేపల మేతతో కూడ కొన్ని లోహములు వచ్చి చేరును. కావున లోటు ఉన్నదనుకొని పోయుటకు ముందు, ఉన్నది ఎంతయో పరీక్షించి తెలిసికొనుట ధర్మము.

నీటిలోని మిల్లీగ్రాము ఎంత పని చేయునో తెలుగువారు వేరొకరు చెప్పగా వినవలసిన అవసరము లేదు. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను వైద్య పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఎముకలు బిగుసుకొనిపోయిన రోగులను పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. నల్లగొండ ప్రజలు అదే బాధను తరతరములుగా అనుభవించిరి. ఆ నీరు చూచుటకు నిర్మలమే. త్రాగినవారి నడుములు వంగిపోయినవి.

కావున ఉపాయమేమి? బోరునీటిలో కరగిన ద్రవ్యములు ఊరూర వేరు. దానిని అట్లే వాడక, శుద్ధియంత్రమున వడకట్టిన నీటిలో మంచి సముద్ర లవణమును కలుపవలయును. వారమునకొకసారి పదవ వంతు నీటిని తీసి, అంతే క్రొత్త నీటిని పోయవలయును. అట్లు చేసినచో ఏడు వారములకు పాత నీరు ఇంచుమించు సగమగును. హెచ్చినది తగ్గును, తగ్గినది కొంత నిండును. చిన్న తొట్టెకు ఇదియే ప్రధానమైన పోషణ. మరియొక మాట. మన దేశపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టములో రాతి పగడములు 2001లో మొదటి షెడ్యూలున చేర్చబడినవి. వాటిని సముద్రమునుండి తెచ్చుట నేరము. ఏ జీవిని పెంచవచ్చునో తెలిసికొనిన పిమ్మటనే తొట్టెను కొనుట మేలు.

లింగంపేటలో పూర్వులు కట్టించిన మెట్లబావి ఒకటి కలదు. పూడికతోను పిచ్చిమొక్కలతోను నిండిన ఆ బావిని ఇటీవల బాగుచేసినారు. తోడుచుండిన బావి ఊరుచుండును. తోడని బావి నీరు పాచిపట్టును. ఇది మన పెద్దలకు అనుభవమున తెలిసిన సంగతి. నౌకలపై లోకమును చుట్టిన పండితుల శోధనలు కూడ తుదకు గాజు తొట్టె యజమానికి చెప్పునది ఇంచుమించు ఇదియే.